ఫార్మాట్ కొట్టించక ముందు

"అన్నా, సిస్టం ఆన్ అయితలేదు."

"ఏం చూపిస్తున్నది?"

"అంత నల్లగ వచ్చి ఇంగ్లిష్‌ల ఏదో రాస్తున్నది."

"ఓఎస్ పోయినట్టుంది. ఫార్మాట్ కొట్టాలె. సాయంత్రం రా, చేసి పెడ్త."

సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ కంప్యూటర్ రిపేరు షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాటలు చెవిన పడతాయి. సాయంత్రానికి సిస్టం నిజంగానే కొత్తదానిలా తిరిగొస్తుంది. ఏళ్లనాటి బిల్లులు, పిల్లల ఫొటోలు, ఫైనలియర్ ప్రాజెక్టు మాత్రం రావు. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, అలా వచ్చిన సిస్టంలలో చాలావాటికి ఫార్మాట్ అవసరమే ఉండదు. డిస్కులో అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని లేపాల్సిన ఒక చిన్న ప్రోగ్రాము దారి తప్పి ఉంటుంది, అంతే. దాన్ని బూట్ లోడర్ అంటారు. లినక్స్ వేసిన కంప్యూటర్లలో ఎక్కువగా ఉండేది గ్రబ్ అనే బూట్ లోడర్.

షాపతను "ఫార్మాట్ కొట్టాలె" అన్నాక మీరు "సరే" అనే ముందు కాస్త ఆగాలి. ఈ అధ్యాయం అందుకోసమే. ఆగాలంటే ధైర్యం ఒక్కటే చాలదు, లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి.

ఇది ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరందో ఆ తర్వాతిదో అయి ఉండాలి. రైసుమిల్లుల ఆఫీసు గదుల్లో, మెయిన్ రోడ్డు మీది కొట్లలో, విద్యార్థుల హాస్టళ్లలో ఇప్పటికీ నడుస్తున్న పాత సిస్టంలకు అవి లేవు. అలాగని అవి పాడైపోయినవి కావు. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి వేస్తే ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తాయి. లినక్స్ మన దగ్గరికి కొత్తగా వచ్చిందీ కాదు. ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు కింద దేశంలోని జిల్లా కోర్టుల కంప్యూటర్లలోకి ఉబుంటు ఎప్పుడో వచ్చేసింది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో మెనూలు కనిపించే లినక్స్‌ను తయారుచేసింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఇంజనీరింగ్ చదివినవాళ్లలో ఎందరో లినక్స్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ చేసే బయటికొచ్చారు. అయితే ల్యాబ్‌లో ఎవరో వేసిపెట్టిన లినక్స్‌లో కమాండ్లు కొట్టడం ఒక పని. సొంత లాప్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ వేసుకుని, ఏది ముందు లేవాలో తానే నిర్ణయించుకోవడం వేరే పని. ఆ రెండోది ఏ ల్యాబ్ రికార్డులోనూ ఉండదు.

ఒక సంగతి. ఇక్కడ కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ. ఖాళీ ఉన్నచోట ఖాళీ, అడ్డగీత ఉన్నచోట అడ్డగీత తప్పనిసరి.

బటన్ నొక్కాక జరిగేది

పవర్ బటన్ నొక్కగానే ముందు లేచేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్. పాతవాటిలో అది బయోస్. విండోస్ 8 వచ్చిన 2012 తర్వాతి యంత్రాల్లో ఎక్కువగా యూఈఎఫ్‌ఐ. మీ దగ్గర నడుస్తున్నది ఏదో తేల్చుకోకుండా యూట్యూబ్‌లో చూసిన చిట్కా ఏదీ ప్రయోగించకండి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, ఒక్కోసారి వికటిస్తుంది కూడా.

బయోస్ పద్ధతిలో ఫర్మ్‌వేర్ డిస్కులోని మొట్టమొదటి సెక్టారును చదువుతుంది. దాని పరిమాణం 512 బైట్లు. అందులో ప్రోగ్రాముకు దక్కే చోటు 446 బైట్లే. 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు పోతాయి, చివరి రెండు బైట్లు గుర్తు కోసం. అంత ఇరుకులో గ్రబ్ మొత్తం పట్టదు. అందుకని ఒక చిన్న ముక్క ఆ సెక్టారులో, ఇంకొంచెం దాని వెనకాల ఖాళీ జాగాలో, మిగతా సరంజామా అంతా లినక్స్ పార్టిషన్‌లోని /బూట్/గ్రబ్ ఫోల్డరులో ఉంటుంది. మొదటి ముక్కలు లేచి, ఆ ఫోల్డరు దొరకనప్పుడు తెర మీద "గ్రబ్ రెస్క్యూ" అని పడుతుంది. గ్రబ్ లేచిందిగానీ దాని సామాను దానికి కనిపించలేదని అర్థం. మీ ఫైళ్ల గురించి ఆ మాట ఏమీ చెప్పడం లేదు.

యూఈఎఫ్‌ఐ పద్ధతి ఇంకాస్త పద్ధతిగా ఉంటుంది. డిస్కులో ఫ్యాట్32 రకంలో చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి ఉంటుంది. విండోస్ లోడర్ ఒక ఫోల్డరులో, ఉబుంటు లోడర్ ఇంకో ఫోల్డరులో, రెండూ అందులోనే సర్దుకుంటాయి. ఏది ముందు లేవాలన్న వరుస మాత్రం మదర్‌బోర్డు మెమరీలో రాసి ఉంటుంది. అందుకే ఇక్కడ "విండోస్ వేస్తే లినక్స్ పోయింది" అనుకునే సందర్భాల్లో ఎక్కువసార్లు పోయింది ఏమీ ఉండదు, వరుస మారి ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న షిమ్ అనే చిన్న ప్రోగ్రాము ముందు లేచి గ్రబ్‌ను లేపుతుంది.

మీది ఏదో తెలుసుకోవడం తేలిక. విండోస్‌లో స్టార్ట్ దగ్గర ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టి, బయోస్ మోడ్ అన్న వరుస చూడండి. లెగసీ అని గానీ యూఈఎఫ్‌ఐ అని గానీ ఉంటుంది. లినక్స్‌లో అయితే టర్మినల్ తెరిచి

ఎల్ఎస్ /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ

అని కొట్టండి. ఏవో పేర్లు వరుసగా వస్తే యూఈఎఫ్‌ఐ. అలాంటి ఫోల్డరే లేదంటే పాత పద్ధతి.

గ్రబ్‌ను 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టాడు. అప్పుడతని గురి లినక్స్ మీద కాదు, గ్నూ హర్డ్ అనే ఇంకో వ్యవస్థ మీద. ఆ రోజుల్లో లినక్స్ వాళ్లు లైలో అనే లోడర్ వాడేవారు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ డిస్కులో ఏ అడ్రసులో ఉందో లైలో ముందే రాసిపెట్టుకునేది. కెర్నల్ మార్చి లైలోకు చెప్పడం మరిచిపోతే యంత్రం లేచేది కాదు. గ్రబ్ అలా గుడ్డిగా అడ్రసు పట్టుకుని వెళ్లదు, డిస్కులోని ఫోల్డర్లను తానే చదవగలదు. సగం విరిగిన స్థితిలో కూడా మనం దానికి కమాండ్లు ఇచ్చి లినక్స్‌ను లేపగలగడానికి ఈ గుణమే కారణం.

చేయి పెట్టే ముందు

ముందుగా బిట్‌లాకర్ సంగతి. ఈమధ్య కొన్న విండోస్ లాప్‌టాప్‌లలో డిస్కుకు తాళం దానంతటదే పడి ఉండొచ్చు. సెక్యూర్ బూట్ ఆపినా, బూట్ వరుస కదిపినా విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. లాప్‌టాప్ కొన్నరోజు షాపతనే ఏదో ఒక మెయిల్‌తో ఖాతా తెరిచి చేతిలో పెట్టి ఉంటే, ఆ మెయిలూ పాస్‌వర్డూ ఇవాళే పట్టుకోండి. కీని కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క పని చేయకుండా ఈ అధ్యాయంలో ఇక ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను. గ్రబ్ పోతే తెచ్చుకోవచ్చు, ఆ అంకెలు పోతే తాళం పడ్డ డేటాను ఏ మెకానిక్కూ తెరవలేడు.

తర్వాత, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా మూతపడదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి దాని డిస్కులోకి రాతలు రాయడం ప్రమాదం.

ఉబుంటు గానీ మింట్ గానీ ఎక్కించిన బూటబుల్ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధం చేసుకుని, దాని నుంచి సిస్టం నిజంగా లేస్తుందో లేదో ముందే చూసుకోండి. ఇబ్బంది వచ్చాక పెన్‌డ్రైవ్ తయారుచేయాలంటే ఇంకో కంప్యూటర్ వెతుక్కోవాలి. డిస్కులో ఏ పార్టిషన్ ఎంత సైజో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో చూడండి. ఎండాకాలం సాయంత్రాలు, ఈదురుగాలి వచ్చి కరెంటు పోయి వచ్చే వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు.

అసలు ఎక్కడ, జిరాక్స్ ఎక్కడ

గ్రబ్‌కు రెండు ఫైళ్లున్నాయి. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. /బూట్/గ్రబ్ ఫోల్డరులో గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ అనే పెద్ద ఫైలు ఉంటుంది. బూట్ సమయంలో గ్రబ్ చదివేది దాన్నే. చూడగానే అందులోనే మార్చేయాలనిపిస్తుంది. కానీ అది జిరాక్స్ కాపీ లాంటిది. అసలు కాగితం /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్. జిరాక్స్ మీద ఎంత అందంగా దిద్దినా, ఇంకోసారి జిరాక్స్ తీయగానే ఆ దిద్దుబాటు పోతుంది. కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కొత్త జిరాక్స్ పడుతూనే ఉంటుంది. కాబట్టి దిద్దేది ఎప్పుడూ అసలు కాగితాన్నే.

ముందు దానికి ఒక నకలు తీసిపెట్టండి:

సుడో సీపీ /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్.పాత

చివర "పాత" బదులు ఇంగ్లిష్‌లో మీకు గుర్తుండే పేరేదైనా పెట్టుకోవచ్చు. తర్వాత ఫైలు తెరవండి:

సుడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్

లోపల పెద్ద అక్షరాల్లో కొన్ని వరుసలు కనిపిస్తాయి. గ్రబ్_టైమౌట్ అంటే మెనూ ఎన్ని సెకన్లు ఆగాలన్నది. గ్రబ్_టైమౌట్_స్టైల్ హిడెన్ అని ఉంటే మెనూ కనబడదు. దాన్ని మెనూ అని మార్చి, టైమౌట్‌ను 10 చేయండి. కొందరు కంగారులో సున్నా పెట్టేస్తారు, బూట్ రెండు సెకన్లు ముందు అవుతుందని. రెండు ఓఎస్‌లున్న సిస్టంలో అది మంచిది కాదు. తేడా వచ్చిన రోజు మీకు ఎంచుకునే వీలు కావాలి.

విండోస్ ఉన్నా మెనూలో కనిపించకపోతే కారణం తరచుగా ఒకటే. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత కోసం మామూలుగా ఆపి ఉంచుతున్నారు. గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్ అనే వరుసకు విలువ ఫాల్స్ అని ఇస్తే మళ్లీ వెతుకుతుంది. ఆ వరుస ముందు హాష్ గుర్తుంటే తీసేయండి, అది ఉన్నంతసేపూ ఆ వరుసను గ్రబ్ పట్టించుకోదు.

కంట్రోల్-ఓ కొట్టి సేవ్ చేసి, కంట్రోల్-ఎక్స్‌తో బయటికొచ్చి,

సుడో అప్‌డేట్-గ్రబ్

అని కొట్టండి. ఫెడోరాలో ఈ కమాండ్ ఉండదు, అక్కడ గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ వాడాలి. ఈ కమాండ్ తెర మీద రాసేది తప్పక చదవండి. లినక్స్ ఇమేజ్ దొరికిందని ఒకటో రెండో వరుసలు, విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని ఒక వరుస రావాలి. విండోస్ వరుస రాకపోతే రీస్టార్ట్ చేసినా మెనూలో అది ఉండదు. ముందే తెలిసిపోయింది కదా, వెనక్కెళ్లి చూసుకోవచ్చు.

మిల్లు కాటా దగ్గర

మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల గేట్ల ముందు కోతల సీజన్‌లో వడ్ల ట్రాక్టర్లు ఎంత దూరం బారులు తీరుతాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాల్వ కింద పండినదంతా ఒక్కసారే వచ్చి పడుతుంది. అలాంటి మిల్లులో కాటా దగ్గరి సిస్టం ఒకటి ఊహించుకోండి. కాటా సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. మెయిలూ లెక్కలూ చూసుకోవడానికని మిల్లు ఓనరు కొడుకు అందులో ఉబుంటు వేశాడు. కరెంటు పోయి వచ్చింది. సిస్టం తనంతట తాను లేచి, మెనూలో మొదటిదైన ఉబుంటులోకి వెళ్లింది. కాటా గుమస్తాకు అది కొత్త తెర. బయట రైతు ట్రాక్టరు దిగి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇక్కడ గుమస్తా తప్పేమీ లేదు. ఎవరూ చూడని వేళ కూడా ఆ సిస్టం కాటా తెరలోకే లేచేలా ముందే పెట్టి ఉండాల్సింది.

ఆ పని చేసేది గ్రబ్_డిఫాల్ట్ అనే వరుస. అందులో మామూలుగా 0 ఉంటుంది, అంటే మెనూలో మొదటిది. విండోస్ మూడో వరుసలో ఉంటే 2 అని పెట్టవచ్చు, ఎందుకంటే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అయితే అంకెల్ని నమ్ముకోవద్దని నా సలహా. మధ్యలో మెమరీ టెస్ట్ లాంటి వరుస ఒకటి చేరితే అంకె జరిగిపోతుంది. మెనూలో విండోస్ వరుస ఎలా రాసి ఉందో, బ్రాకెట్లతో సహా అక్షరం పొల్లుపోకుండా కోట్స్ మధ్య పెట్టండి. మెనూలోని పేర్లు చూడటానికి

సుడో గ్రెప్ మెనూఎంట్రీ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ

అని కొడితే చాలు. కాపీ చేసి అతికించుకోవచ్చు, టైపు చేసి తప్పులు తెచ్చుకోనవసరం లేదు.

ఉబుంటులో ఇంకో చిన్న మెలిక ఉంది. లినక్స్ సగం లేస్తుండగా కరెంటు పోతే, పోయినసారి బూట్ సరిగా ముగియలేదని గ్రబ్ గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతిసారి మీరు పెట్టిన సెకన్లను పక్కనపెట్టి మెనూను 30 సెకన్లు నిలబెడుతుంది. అప్పుడు యంత్రం బిగుసుకుపోయిందనుకుని బటన్ నొక్కి ఆపేస్తే పరిస్థితి మళ్లీ మొదటికే వస్తుంది. కాస్త ఓపిక పట్టమని గుమస్తాకు ముందే చెప్పి ఉంచాలి. లేదా గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమౌట్ అని అదే ఫైలులో కొత్త వరుస రాసి 10 పెట్టుకోవచ్చు.

కాటా దగ్గర ఇంతకన్నా పెద్ద తలనొప్పి గడియారం. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ ప్రపంచ సమయాన్ని రాస్తుంది. విండోస్ అక్కడున్నదాన్ని మన సమయంగానే చదువుతుంది. తేడా ఐదున్నర గంటలు. ఉబుంటు వాడి మూసేసి విండోస్ తెరిస్తే, నెట్ నుంచి సరిచేసుకునేదాకా గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. రాత్రి రెండింటికి తూచిన బండి చీటీ మీద నిన్నటి తేదీ, రాత్రి ఎనిమిదిన్నర అని పడుతుంది. ఏ రోజు ధరకు కొన్నారన్నది తేదీ మీదే ఆధారపడే చోట ఇది రైతుకూ మిల్లుకూ మధ్య గొడవ తెచ్చే తేడా. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో పోతుంది:

టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1

లినక్స్ పెద్దలు దీన్ని అంతగా మెచ్చుకోరు, గడియారం ప్రపంచ సమయంలోనే ఉండాలంటారు. వేళల్ని ముందుకూ వెనక్కూ జరుపుకునే దేశాల్లో వాళ్ల మాట నిజమే. మన దేశంలో ఏడాది పొడుగునా ఒకటే సమయం కాబట్టి, విండోస్‌తో పంచుకునే సిస్టంలో ఇదే సుఖం.

లాప్‌టాప్‌లో విద్యార్థికి కావాల్సింది వేరు. వారమంతా లినక్స్‌లో ఉండి, శని ఆదివారాలు విండోస్‌లో ఉండేవాళ్లకు గ్రబ్_డిఫాల్ట్‌ను సేవ్డ్ అని పెట్టి, కింద గ్రబ్_సేవ్‌డిఫాల్ట్‌ను ట్రూ చేస్తే, పోయినసారి ఏది ఎంచుకున్నారో ఈసారీ అదే లేస్తుంది.

ఎన్విడియా గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్‌లలో మెనూ వరకు బాగానే వచ్చి, ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోవడం చూస్తుంటాం. మెనూలో ఉబుంటు వరుస మీద నిలబడి కీబోర్డులో ఇంగ్లిష్ "ఈ" అక్షరం నొక్కండి. కొన్ని వరుసలు తెరుచుకుంటాయి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర, క్వైట్ స్ప్లాష్ తర్వాత, ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని కొట్టి, కంట్రోల్-ఎక్స్ నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే. లోపలికి వెళ్లాక డ్రైవర్ వేసుకుంటే మళ్లీ అవసరం రాదు. మెనూయే కనబడకపోతే, యూఈఎఫ్‌ఐలో ఆన్ చేయగానే ఎస్కేప్ ఒక్కసారి, పాత బయోస్‌లో షిఫ్ట్ పట్టుకుని ఉంచాలి. ఎస్కేప్ ఆత్రంగా పదిసార్లు కొడితే ఖాళీ గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర పడతారు. కంగారేం లేదు, రీబూట్ అని కొట్టి మళ్లీ మొదలుపెట్టండి.

గ్రబ్ రెస్క్యూ అని వస్తే

కోదాడ హాస్టల్ గదిలో పరీక్షల ముందు జరిగే కథ ఒకటుంది. ఒక విద్యార్థి లాప్‌టాప్‌లో సీ డ్రైవ్ నిండిపోయింది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే పేరు లేని పార్టిషన్ ఒకటి 60 జీబీతో కనిపించింది. ఎవరిదో అనుకుని డిలీట్ కొట్టాడు. అది లినక్స్. అప్పటికి ఏమీ కాలేదు. మర్నాడు ఆన్ చేస్తే గ్రబ్ రెస్క్యూ. ఇక విండోస్ కూడా పోయిందని ఏడుపు ముఖం.

విండోస్ ఎక్కడికీ పోలేదు. యూఈఎఫ్‌ఐ లాప్‌టాప్ అయితే ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కాలి. కంపెనీని బట్టి అది ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇలా ఏదో ఒకటి. అందులో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే నేరుగా లేస్తుంది. తర్వాత ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో దాన్నే ముందుకు జరిపితే పని అయిపోయింది. పాత పద్ధతి డిస్కు అయితే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో లేచి, రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టాలి. ఈ రెండింట్లో దేనికీ ఫార్మాట్ అక్కర్లేదు. డిలీట్ అయిన లినక్స్‌లో విలువైనవి ఉంటే మాత్రం ఆ ఖాళీలో కొత్తగా ఏదీ రాయకుండా, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాముతో పార్టిషన్‌ను వెతికి తెచ్చుకునే ప్రయత్నం చేయాలి.

లినక్స్ ఉండి, గ్రబ్ మాత్రమే చెడిపోతే దారి పెన్‌డ్రైవ్. దానితో లేచి, "ట్రై" ఎంచుకుని, టర్మినల్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టండి. ఎల్, ఎస్, బీ, ఎల్, కే అక్షరాలు కలిపి. పార్టిషన్ల పేర్లు, రకాలు వస్తాయి. ఎక్స్‌ట్4 అని ఉన్నది లినక్స్, వీఫ్యాట్ అని ఉన్న చిన్నది ఈఎఫ్‌ఐ. లినక్స్ ఎస్‌డీఏ2, ఈఎఫ్‌ఐ ఎస్‌డీఏ1 అనుకుందాం. మీ సిస్టంలో వేరే పేర్లుండొచ్చు, కొత్త లాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈతో మొదలవుతాయి. ఇక్కడ కన్ను పొరబడకూడదు, సైజులు మీ ఫోన్ ఫొటోతో పోల్చుకోండి.

సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ

సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ

సుడో మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్

మూడో వరుసలాగే ప్రాక్, సిస్ ఫోల్డర్లకూ కొట్టి, చివరికి

సుడో సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ

అంటే పెన్‌డ్రైవ్‌లో ఉంటూనే మీ సొంత లినక్స్ లోపల నిలబడినట్టు. అక్కడ గ్రబ్-ఇన్‌స్టాల్, తర్వాత అప్‌డేట్-గ్రబ్. పాత బయోస్ అయితే ఈఎఫ్‌ఐ మౌంట్ వరుస వదిలేయండి, గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్కు పేరు ఇవ్వండి: /డెవ్/ఎస్‌డీఏ. చివర అంకె పెట్టకూడదు, ఎందుకంటే మొదటి సెక్టారు డిస్కుది, పార్టిషన్‌ది కాదు. ఎర్రర్ లేకుండా ముగిసిందని చెబితే ఎగ్జిట్, రీబూట్.

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ ఒకటి ప్రపంచమంతా ఇలాంటి రెండు ఓఎస్‌ల సిస్టంలను ఇబ్బంది పెట్టింది. పాత షిమ్‌ను నమ్మొద్దని అది ఫర్మ్‌వేర్‌కు చెప్పేయడంతో, లినక్స్ లేపబోతే సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అని సందేశం వచ్చి యంత్రం ఆగిపోయేది. తాత్కాలికంగా సెక్యూర్ బూట్ ఆపి, లినక్స్‌లోకి వెళ్లి షిమ్, గ్రబ్ అప్‌డేట్ చేసుకున్నవాళ్లు బయటపడ్డారు. లినక్స్ అప్‌డేట్లు నెలల తరబడి వాయిదా వేయొద్దని నేను అనడానికి ఇదో కారణం.

ఇవేవైనా చేసే ముందు, పాత డెస్క్‌టాప్ అయితే సీపీయూ పక్క తలుపు తీసి చూడాల్సినవి రెండున్నాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 సెల్ ఉంటుంది. అది అయిపోతే తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది, బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీవి అయిపోతాయి, యూఈఎఫ్‌ఐ ఉన్నచోట లెగసీ అయి కూర్చోవచ్చు. "నో బూటబుల్ డివైస్" అన్న మాటకు అదే కారణమైతే సెల్ మార్చి సెట్టింగు తిప్పితే సిస్టం లేస్తుంది. రెండోది డిస్కు కేబుల్. మిల్లుల్లో ఊక దుమ్ము, తవుడు పొర మందంగా పేరుకుంటాయి. పవర్ ప్లగ్గు తీసి, దుమ్ము దులిపి, కేబుల్ రెండు కొసలూ తీసి బిగించండి. డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంటే మాత్రం గ్రబ్ జోలికే వెళ్లొద్దు. పెన్‌డ్రైవ్ లినక్స్‌తో లేచి, ముందు ఫైళ్లన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి.

మీవల్ల కాకపోతే షాపుకే తీసుకెళ్లండి, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ అప్పగించేటప్పుడు అడగడం నేర్చుకోండి. "అన్నా, ఇందులో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నయి. డేటా ఉంది. ఫార్మాట్ చెయ్యకు. గ్రబ్ ఒక్కటి మళ్ల ఎక్కియ్యి. కాకపోతే ముందు డేటా తీసిచ్చి, నన్ను అడిగినంకనే మిగతాది చెయ్." రిసీట్ మీద "ఫార్మాట్ వద్దు" అని రాయించుకోండి. రోజుకు పదిరవై సిస్టంలు చూసే మనిషికి అలా స్పష్టంగా చెబితే అతనికీ పని తేలికవుతుంది.

ఇవాళ అంతా బాగా లేస్తున్న సిస్టం ఉన్నవాళ్లు అరగంట కేటాయించి ఒక కాగితం రాయండి. యూఈఎఫ్‌ఐనా లెగసీనా, లినక్స్ ఏ పార్టిషన్‌లో ఉంది, విండోస్ ఏ పార్టిషన్‌లో ఉంది, ఈఎఫ్‌ఐ ఏది, బూట్ మెనూ కీ ఏది, గ్రబ్_డిఫాల్ట్‌లో ఏం పెట్టారు, పెన్‌డ్రైవ్ ఏ అరలో ఉంది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి డెస్క్‌టాప్ పక్క తలుపు లోపలివైపు టేపుతో అంటించండి, లాప్‌టాప్ అయితే బ్యాగులో ఉంచండి. బిట్‌లాకర్ అంకెల్ని మాత్రం అందులో రాయొద్దు, ఇంట్లో బీరువాలో పెట్టుకోండి. తర్వాత సిస్టం రీస్టార్ట్ చేసి విండోస్‌లోకి ఒకసారి, లినక్స్‌లోకి ఒకసారి వెళ్లి రండి. మూడోసారి ఏ కీ ముట్టకుండా, మీరు పెట్టిన పది సెకన్లూ ఆగి, అది తనంతట తాను ఎందులోకి వెళుతుందో చూడండి.